పక్కనుంచి వెలుతురు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సులో నీడపట్టు సీటు నాకు ఇంతవరకూ దొరకలేదు. పొద్దున దక్షిణానికి పోతాం కాబట్టి ఎండ ఎడమవైపు కొడుతుంది. సాయంత్రం ఉత్తరానికి తిరిగొస్తాం, సూర్యుడు కూడా ఈలోగా అటునుంచి ఇటు మారి ఉంటాడు కాబట్టి, మళ్లీ ఎడమవైపే కొడుతుంది. ఇది కనిపెట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదని కుడివైపు సీట్లు చూస్తే తెలుస్తుంది. నేను ఎక్కేసరికి అవన్నీ నిండి ఉంటాయి. వారం వారం ఆ దారిలో తిరిగి తిరిగి నా ఎడమ చెంప కుడి చెంప కంటే ఒక వన్నె నల్లబడింది. మా ఆవిడ గమనించింది కూడా. ఫొటోలు దిగేటప్పుడు కాస్త పక్కకు తిరగమని సలహా ఇచ్చింది.

ఆ ప్రయాణాలన్నీ మా అక్క ఇంటికి. అక్క మొగుడు, అంటే మా బావ, శిల్పి. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు చాలానే ఉన్నాయి. బావది ఇంటి వెనకే, గోడకు గోడ. ఇంకో ఇద్దరు ముగ్గురు శిల్పులు కూడా అందులోనే పని చేసుకుంటారు. చిన్నప్పటి నుంచి ఉలి, సుత్తె తప్ప ఇంకోటి పట్టని చెయ్యి ఆయనది. తర్వాత కరెంటుతో నడిచే కటింగ్ మిషన్లు వచ్చాయి. ఉలి కింద రాలిన రాయి కాళ్ల మీద పడేది. మిషన్ కింద రాలిన రాయి గాల్లోనే ఉండిపోయేది. పని మాత్రం వేగంగా సాగింది. దేవుళ్లు త్వరగా తయారయ్యారు. బావ కూడా.

నంద్యాలలో ఛాతీ డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగాడు.

"దేవుళ్లను చేస్తాం సార్," అన్నాడు బావ.

డాక్టరు ఎక్స్‌రేను ఇంకోసారి చూశాడు. లోపల దిగిన రాతిపొడిని బయటికి తీసే మందు ఎక్కడా లేదన్నాడు. ఉన్న ఊపిరినైనా కాపాడుకోవాలంటే ఇక షెడ్డులో అడుగు పెట్టకూడదు, ఇంట్లో షెడ్డువైపు కిటికీలు తెరవకూడదు అన్నాడు.

"అడుగు పెడితే ఏమైతాది సార్?" అని అక్క అడిగింది.

"ఇప్పుడు మెట్లెక్కడానికి ఆయాసపడుతున్నాడు కదమ్మా. రేపు అన్నం తినడానికి ఆయాసపడతాడు," అన్నాడాయన.

బయటికొచ్చాక బావ నాతో అన్న మాట ఒకటే. "మనిషి మంచోడేప్పా. రాయి సంగతే తెలీదు."

ఆ తర్వాత అక్కకు ఒకటే పని మిగిలింది. బావను ఇంట్లో కూచోబెట్టడం. చెప్పినంత తేలిక కాదు. కాలు ఆడినన్ని రోజులూ పొద్దున లేచి షెడ్డుకు పోయిన మనిషిని, కిటికీలు మూసిన గదిలో మంచం మీద కూచోబెట్టి ఊపిరి పీల్చుకోమంటే ఎంతసేపు పీలుస్తాడు? టీవీ పెట్టింది. పురాణాల సీరియల్‌లో దేవుడి మొహానికీ మొండేనికీ కొలత కుదరలేదని బావ తిట్టడం మొదలుపెట్టి, తిట్టు పూర్తయ్యేలోపు దగ్గు అందుకుని, టీవీ ఆపేదాకా ఆగలేదు. పేపరు తెప్పించింది. అది చదవడానికి ఎంతసేపు పడుతుందో నంద్యాల జిల్లా పేజీ చూసినవాళ్లకు తెలుసు. ఏదో వంకతో వెనక తలుపు దగ్గరికి పోవడం, "ఊరికే చూసొస్తా" అనడం, చొక్కా మీద తెల్లటి పొడితో తిరిగి రావడం. అక్క ఆ చొక్కాను బయటే దులిపి, బయటే ఉతికి, లోపలికొచ్చి ఏడ్చేది.

"రేయ్, నీకు చదువు సెప్పిచ్చినారు గదా," అంది ఒకరోజు నాతో. "మీ బావ ఈ గడప దాటకుండా ఏమన్నా సెయ్యి."

నేను చదివింది బోటనీ. చేసేది నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. సంచుల మీద మొలకెత్తే శాతం ఎంత అచ్చు వేయాలో చూస్తాను. మొలకెత్తిన మొక్కను చూసి చాలాకాలమైంది. అయినా అక్క మాట విన్నాక నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. డాక్టరు దగ్గర మేం ఎదురుచూసిన హాల్లో ఒక అద్దాల తొట్టి ఉంది. అందులో చేపలకంటే మొక్కలు ఎక్కువ. మా వంతు వచ్చేదాకా బావ దాని ముందునుంచి కదల్లేదు. 'పోదాం పా' అని ఒక్కసారి కూడా అనలేదు. అంతసేపూ దగ్గినట్టు కూడా గుర్తు లేదు.

అప్పుడు ఆయన అన్నాడు, "సూడప్పా, ఆ ఆకు. ఎవురూ తాకకుండానే కదల్తాంది. ఇన్నేండ్లూ కదలనివాటినే సూసినా."

నంద్యాలలో చేపలూ పిట్టలూ అమ్మే అంగడికి పోయాను. అంగడాయన మంచి మాటకారి. తొట్టి, ఇసుక, రెండు మూడు రకాల నీటి మొక్కలు, నాలుగు చేపలు చూపించాడు. వాటితో ఇబ్బంది లేదు. లైటు దగ్గరే కథ మొదలైంది.

"ఇది ఇంపోర్టెడ్ సార్," అని ఒక పొడుగాటి పెట్టె తీశాడు. "పొద్దున సూర్యోదయం, సాయంత్రం సూర్యాస్తమయం. రిమోట్‌లో మబ్బులు గూడా వస్తాయి."

"మబ్బులు రిమోట్‌లో వస్తాయని మా రైతులకు తెలిస్తే విత్తనాల కంటే ఇదే ఎక్కువ కొంటారు," అన్నాను. ధర విన్నాక ఆ మాట వెనక్కు తీసుకున్నాను.

"పోనీ ఇది తీస్కోండి. తొట్టి కొంటే దీన్ని ఊరికే ఇస్తాం," అని ఇంకోటి అందించాడు. నీలం, గులాబీ రంగు లైట్లున్న పట్టీ.

"దీనికి గ్యారంటీ ఎంత?"

"అంగడి గడప దాటేంత వరకు సార్."

నిజాయితీ నచ్చి దాన్నే తీసుకున్నాను. ఊరికే వచ్చింది కూడా.

బావ గదిలో, మంచానికి ఎదురుగా, బల్ల మీద తొట్టి పెట్టాం. నీళ్లు పోశాం. మొక్కలు నాటాం. లైటు వేశాం. కిటికీలు మూసిన ఆ చీకటి గది ఒక్కసారిగా గులాబీ, నీలం రంగుల్లో మునిగింది. అక్క మొహం నీలంగా ఉంది. నా మొహం ఎలా ఉందో బావ చెప్పలేదు.

"ఏందప్పా ఇది, తిరణాలలో రికార్డింగ్ డ్యాన్సు మాదిరి?" అన్నాడు. "డ్యాన్సు ఆడేటోళ్లు యాడ?"

చేపలకు ఆ వెలుగుతో పేచీ లేదు. మొక్కలకు ఉంది. కొన్నాళ్లకే ఆకులు గాజులా పలచబడి, మొదలు దగ్గర మెత్తబడి, చేయి తగిలితే ఊడిరావడం మొదలుపెట్టాయి. నీళ్ల వాసన మారింది. బావ వాటివైపు చూడటం మానేశాడు. చొక్కా మీద పొడి మళ్లీ కనిపించింది. ఇక నాకు తొట్టి సంగతి వేడుక కాదని అర్థమైంది. ఆ మొక్కలు బతికినన్నాళ్లే బావ గదిలో ఉంటాడు.

అప్పుడు కూచుని చదివాను. బోటనీ పుస్తకాలు కాదు, చేపల తొట్లు పెంచుకునేవాళ్లు రాసుకునే మాటలు. అందులో తేలింది ఇంతే. కొత్తగా పెంచేవాళ్లకు ఖరీదైన లైటు అక్కర్లేదు. ఆకుకు కావాల్సింది పగటి వెలుతురు లాంటి తెల్లటి వెలుగు. అంటే బల్బు పెట్టె మీద ఆరువేల అయిదువందల కెల్విన్ అని రాసి ఉండేది. మన ఇళ్లలో వాడే తెల్ల ఎల్ఈడీ బల్బు కూడా అదే. కాకపోతే గది గోడమీద ఎక్కడో ఉంటే చాలదు, నీళ్లకు దగ్గరగా ఉండాలి. రోజంతా వేస్తే అద్దాలకు పాచి పడుతుంది, కాబట్టి పొద్దునో సాయంత్రమో కొన్ని గంటలు వేసి ఆపేయాలి. తక్కువ వెలుగులో బతికే మొక్కల్ని ఎంచుకోవాలి. ఈ ముక్క అంగడాయన మొదటిరోజే చెప్పి ఉండొచ్చు. చెబితే ఆ పట్టీని ఎవరు తీసుకుపోతారు?

మళ్లీ అంగడికి పోయాను. ఈసారి తొట్టి అంచుకు బట్టల క్లిప్పులా కరుచుకుని, మెడ ఎటు వంచితే అటు వంగే తెల్ల ఎల్ఈడీ దీపాలు చూపించాడు. రెండు రకాలు. ఒకటి ప్లాస్టిక్‌ది, ఆరు నెలల గ్యారంటీ. ఇంకోటి అల్యూమినియంది, రెండేళ్ల గ్యారంటీ.

"యాది గావాల సార్?"

ఈ తొట్టి యవ్వారం అసలు ఆరు నెలలు సాగుతుందో లేదో అనుకుని ప్లాస్టిక్‌ది ఇమ్మన్నాను.

కొత్త మొక్కలు బావే తెప్పించాడు. కేసీ కాలువలో పెరిగే నాచు. పక్కింటాయన బకెట్లో వేసుకొచ్చి ఇచ్చాడు, నత్తలతో సహా. అంగట్లో కొన్నవి నీరసంగా నిలబడితే, కాలువ నాచు మాత్రం వచ్చిన మర్నాటి నుంచే కొత్త చిగురు వేసింది. బావ మంచం మీద నుంచి కిందికి దిగి, కుర్చీ తొట్టి దగ్గరికి లాక్కున్నాడు.

ఆ తర్వాతి వారం నేను పోయేసరికి మొక్కలన్నీ ఒక పక్కకు వాలిపోయి ఉన్నాయి. గాలి వీచిన చేనులాగా. దీపం తొట్టి పైన లేదు. బావ దాన్ని తీసి, పక్కనున్న కిటికీ చువ్వకు బిగించి, అద్దం పక్కనుంచి వెలుతురు పడేట్టు తిప్పాడు.

"బావా, లైటు పైన ఉండాల. మొక్క వెలుతురు ఎటుంటే అటు వంగుతాది," అన్నాను. నా డిగ్రీ పనికొచ్చిన ఏకైక సందర్భం అది.

"పైనుంచి యేస్తే మొగం సచ్చిపోతాది బామ్మర్దీ."

"మొగమా? దేనికి మొగం?"

"దేనికైనా." బావ కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. శిల్పులు రాతి మీద పనిని ఎప్పుడూ పక్కనుంచి వచ్చే వెలుతురులోనే చూసుకుంటారు. అప్పుడే ఎత్తుపల్లాల నీడలు పడి, చెయ్యి ఎక్కడ తప్పిందో కనపడుతుంది. నెత్తిమీది వెలుతురులో అన్నీ చదునుగానే ఉంటాయి. ఈ సంగతంతా ఆయన చేత్తో సైగలు చేసి చెప్పాడు. మాటలకు ఊపిరి ఖర్చు. "పైనుంచి యేసినప్పుడు పచ్చగా ఒక ముద్ద కనపడ్య. ఇప్పుడు సూడు, ఆకు ఆకు యేరుగా నిలబడింది."

"వంకర పోయినాయి గదా బావా."

"పోనీ. నిటారుగా నిలబడేదానికి అవేమన్నా పోలీసులా? కిష్ణుడి మాదిరి త్రిభంగిలో ఉండాయి."

అక్క గడప దగ్గర నిలబడి వింటోంది. "వంకరగానో టింకరగానో, బతికుండాయి గదా. నీ చదువు సాలుగానీ రా, అన్నం తిను," అంది నాతో. అక్క మొహంలో నవ్వు చాలాకాలానికి చూశాను. మామూలు రంగులోనే ఉంది.

ఎండాకాలం ఆ విధంగా గడిచింది. వెనక తలుపుకు అక్క గొళ్లెం పెట్టడం మానేసింది. బావ తానే పొద్దున దీపం వేసి, మధ్యాహ్నం ఆపి, పాచి పట్టిన అద్దాన్ని గుడ్డతో తుడిచి, నత్తల్ని ఏరి పారేసేవాడు. దగ్గు ఉంది, పోలేదు. పెరగలేదు కూడా. డాక్టరు ఎక్స్‌రే చూసి మునుపటిలాగే ఉందన్నాడు. మునుపటిలాగే ఉండటం ఇంత సంతోషాన్ని ఇస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. వంకర మొక్కల గురించి నేను మళ్లీ మాట్లాడలేదు.

అప్పుడు వెలుగోడు దిక్కు నుంచి ఒక ఊరివాళ్లు వచ్చారు. చేతిలో బనగానపల్లె మామిడిపండ్ల బుట్ట ఉంది. బావ జబ్బు పడకముందు వాళ్ల ఊరికి అమ్మవారి విగ్రహం మొదలుపెట్టాడు. అంతా అయిపోయింది, కండ్లు తప్ప. ఆళ్లగడ్డ పనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. కండ్లు చివర్న తెరవాలి. మొహం ఎవరు చెక్కితే వాళ్లే తెరవాలి. షెడ్డులో ఉన్న మిగతా శిల్పులు మిగతా పనంతా పంచుకున్నారు గానీ, ఆ విగ్రహం దగ్గరికి ఎవరూ ఉలి పట్టుకుని పోలేదు. అది కండ్లు లేకుండా ఒక మూల గోనెపట్ట కప్పుకుని పడుకుని ఉంది.

"తొందరేం లేదు సామీ. నీ పానం బాగయినంకనే," అన్నాడు వాళ్లలో పెద్దాయన. మంచివాళ్లు. గట్టిగా అడిగి ఉంటే అక్క తిట్టి పంపేది.

వాళ్లు పోయాక అక్క నాకు ఫోన్ చేసింది. "రేయ్, నువ్వు యాడుండావ్? మీ బావ తొట్టి కల్లా సూడకుండా గోడ కల్లా సూస్తాండాడు."

ఆదివారం నేను పోయేసరికి గది చీకటిగా ఉంది. తొట్టిలో చేపలు కనపడటం లేదు, నీళ్లు నల్లగా ఉన్నాయి. కిటికీ చువ్వ ఖాళీ. అక్క మంచం కోడు పట్టుకుని కూచుని ఉంది.

"లైటు యాడ?" అన్నాను.

"మీ బావెంట పాయె," అంది.

వెనక తలుపు తీసుకుని షెడ్డులోకి పోయాను. మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. మిగతా శిల్పులు బయట రాళ్ల మీద కూచుని టీ తాగుతున్నారు. బావ కోసమే ఆపారు. లోపల అమ్మవారు వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన పీట మీద బావ. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకున్నాడు. ఆ ప్లాస్టిక్ దీపాన్ని ఒక రాతి అంచుకు కరిపించి, మెడ వంచి, వెలుతురు అమ్మవారి చెంప పక్కనుంచి పడేట్టు పెట్టాడు.

"బావా, డాక్టరు ఏం జెప్పినాడు?"

"కండ్లకు ఎంత పొడి లేస్తాదప్పా? సిటికెడు." ఆయన తలెత్తలేదు. "జరుగు. నీ నీడ పడతాంది."

జరిగాను. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఉండొచ్చని ఇప్పుడు అందరూ అంటారు. ఆ చేతిలో ఉలి ఉంది, ఉలి కింద కన్ను ఉంది. వాళ్లు చూసి ఉంటే వాళ్లూ జరిగేవాళ్లే.

బావ ఒక దెబ్బ కొట్టి, ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకో దెబ్బ కొట్టాడు. చిన్న చిన్న దెబ్బలు. కనుపాప గీత పక్కన తెల్లటి పొడి చేరింది. చెక్కేవాళ్లు ఆ పొడిని వేలితో తీయరు, గుడ్డతో తుడవరు, గీత చెరిగిపోతుందని. నోటితో ఊదుతారు. బావ తువ్వాలు కిందికి లాగి, వంగి, ఊదాడు. పొడి కదల్లేదు. ఇంకోసారి ఊదాడు. ఈల లాంటి చప్పుడు తప్ప గాలి రాలేదు. పీట మీద వెనక్కి వాలి, కొంతసేపు షెడ్డు రేకుల వైపు చూశాడు. తర్వాత నావైపు చూసి, కంటివైపు వేలు చూపించాడు.

"ఊదు," అన్నాడు.

వంగి ఊదాను. పొడి లేచి నా మొహం మీద పడింది. ఉప్పగానో చప్పగానో ఏదో రుచి. కింద కన్ను కనపడింది. పక్కనుంచి పడే ఆ వెలుతురులో, నిజం చెప్పాలంటే, అది నన్నే చూస్తోంది. నేను పెద్దగా నమ్మకం ఉన్నవాణ్ణి కాదు. అయినా ఇంకో పక్కకు జరిగి నిలబడ్డాను. అక్కడికీ చూసింది.

రెండో కన్నుకు కూడా నేనే ఊదాను.

ఊరివాళ్లు మేళతాళాలతో వచ్చి అమ్మవారిని తీసుకుపోయారు. బావ వీధి వాకిట్లో కుర్చీలో కూచుని చూశాడు. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా కూచున్నాడు. ఆ తర్వాత ఆ కుర్చీని ఆయనతో సహా లోపలికి మోసుకొచ్చాం. కొన్నాళ్లు కర్నూలు ఆస్పత్రి. చిటికెడు పొడి వల్ల ఇదంతా కాదని, చాలాకాలంగా లోపల చేరిందే ఇప్పుడు బయటపడిందని అక్కడి డాక్టర్లు అన్నారు. అక్క వినిపించుకోలేదు. నేను విన్నాను, దానివల్ల తేడా ఏమీ పడలేదు. ఇంటికొచ్చేటప్పుడు ఆక్సిజన్ మిషన్ ఒకటి వెంట వచ్చింది. ఇప్పుడు అది మంచం పక్కనే ఉండి, రోజంతా గురకపెడుతుంది. బావ ముక్కుకు రెండు సన్నటి గొట్టాలు. అన్నం తినడానికి ఆయాసం. మొదటి డాక్టరు మాట తప్పే మనిషి కాదు.

దీపాన్ని మళ్లీ కిటికీ చువ్వకు బిగించాను. కొన్నాళ్లు వెలిగింది. తర్వాత మినుకు మినుకుమంది. తర్వాత పోయింది. గ్యారంటీ గడువు ఇంకా ఉంది కాబట్టి నంద్యాల తీసుకుపోయాను. అంగడాయన వెనక మూత విప్పాడు. గాజు బల్ల మీద తెల్లటి పొడి కుప్పగా రాలింది.

"ఏంది సార్ ఇది, దీన్ని పిండి మరలో పెట్నారా?"

"పెట్టినాం," అన్నాను.

"లోపలికి పొడి పోతే కంపెనీవాళ్లు ఒప్పుకోరు సార్. ఇది గ్యారంటీ కిందికి రాదు."

నేను వాదించలేదు. ఇదే మాట ఇంతకుముందు ఇంకోచోట, ఇంకా మర్యాదగా విన్నాను. కొత్త దీపాలు రెండింటికీ ఫోన్లో ఫొటోలు తీసుకుని, ఆదివారం బస్సెక్కాను. ఎడమవైపు సీటు దొరికింది.

గదిలో అక్క రాగి జావ చల్లారబెడుతోంది. తొట్టిలో మొక్కలు, లేని దీపంవైపు ఇంకా వంగే ఉన్నాయి. కింది ఆకులు కొన్ని గాజులా మారడం మొదలైంది. బావ గొట్టాలు సర్దుకుంటూ వాటినే చూస్తున్నాడు.

మంచం అంచున కూచుని ఫోన్ ఆయన కండ్లకు ఎదురుగా పట్టాను. అమ్మేవాడి గొంతు తెచ్చుకుని, కొంచెం హుషారుగానే చెప్పాను.

"సూడు బావా. ఇది పాతదే, ప్లాస్టిక్‌ది. ఆర్నెల్లు గ్యారంటీ. ఇది అల్యూమినియంది, రెండేండ్లు. కొనేటప్పుడు కొంచెం ఎక్కువ అనిపిస్తాది గానీ, మాటిమాటికీ మార్చే పని ఉండదు. ఎట్ల లెక్కేసినా రెండేండ్లదే మేలు. దాన్నే తెస్తా."

అక్క జావ గ్లాసులో చెంచా తిప్పడం ఆపింది. బావ ఫోన్ వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు. మిషన్ గురక రెండు మూడు సార్లు వినపడేదాకా గాలి పోగుచేసుకున్నాడు.

"ఆర్నెల్లది సాలు తేప్పా."